తునికాకు కల్లాన్ని ల్యాబుగా మార్చిన దరఖాస్తు

ఖమ్మంలో కూర్చుని మూడు వందల మందిని జర్మనీ పంపించాను. పెళ్లిళ్లలోనూ, బస్సులో పక్క సీటు వాళ్లకూ ఇదే లెక్క చెబుతూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక కొంచెం సరిచూసుకోవాలి. మూడు వందల మంది వచ్చి అడిగారు. నిజంగా విమానం ఎక్కినవాళ్లు పద్నాలుగు మంది. ఆ పద్నాలుగులో ఇద్దరు పనులన్నీ తామే చేసుకుని, మా దగ్గర సూట్‌కేసులు మాత్రం కొనుక్కుని వెళ్లారు.

విదేశీ చదువులకు దారి చూపే ఆఫీసులు ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి. వాటిలో కొత్తగా ఉద్యోగానికి చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఫారాలు ఎలా నింపాలో మీకు నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా ఎక్కడ చెడగొట్టవచ్చో. ఆ విద్యలో మాత్రం నన్ను మించినవాడు జిల్లాలో లేడు. ఇందులో అతిశయోక్తి లేదు.

పెట్టెల కొట్టు మీద ఆఫీసు

మా యజమాని ఖాజా సేటు. ఆయన తాత రేకు పెట్టెలు చేసేవాడు, తండ్రి ట్రంకు పెట్టెలు అమ్మాడు, ఈయన సూట్‌కేసుల కొట్టు పెట్టాడు. నేను పక్క సందులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ని. కంప్యూటర్లు వచ్చి నా మిషన్లకు దుమ్ము పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం సేటు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"మాస్టర్ సాబ్, పరాయి దేశం పోయెటోడు పెట్టె కొనక తప్పదు గదా?"

"తప్పదు."

"మరి పోయెటోళ్లనే మనం తయారు చేస్తే ఎట్లుంటది? నీకు ఇంగ్లిష్ వస్తది, నాకు పెట్టెలొస్తయి. నువ్వు పైన కూసో, నేను కింద కూసుంట."

అదీ మా ఆఫీసు పుట్టుక. ఖమ్మానికి జర్మనీ అవసరమని నేను దూరదృష్టితో ఊహించానని తర్వాత చాలామందికి చెప్పాను. ఊహించింది సేటు, అదీ పెట్టెల కోసం. జర్మనీయే ఎందుకంటే అమెరికాకు పంపే ఆఫీసులు హైదరాబాదులో అప్పటికే కిటకిటలాడుతున్నాయి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు దాదాపు ఉండదని ఒక పేపర్లో చదివాను.

సేటుకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. కానీ కొట్లో ఆయనకొక పద్ధతి ఉండేది. పెట్టెకు ఎక్కడైనా సొట్ట ఉంటే ముందు దాన్ని గిరాకీ వైపు తిప్పిపెట్టి, అప్పుడే ధర చెప్పేవాడు. నాకది చేతకాని వ్యాపారంలా కనిపించేది. పైన నేను చేస్తున్నది సరిగ్గా దానికి తలకిందులు.

ఫీజు లేదంటే నమ్మని మనుషులు

మా మొదటి పెద్ద గిరాకీ మధిర పత్తి వ్యాపారి. కొడుకు ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. ఫీజు లేదని నేను ఉత్సాహంగా చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఫీజు లేకుండా ఏం చెబుతారండీ చదువు? రేపు నేను పత్తి ఊరికే ఇస్తానంటే మీరు తీసుకుంటారా? పురుగు పట్టిందేమో అనుకోరూ?"

అక్కడి ప్రభుత్వం ప్రజల పన్నులతో చదువు చెప్పిస్తుందని వివరించాను. ఆయన ఇంకా అనుమానంగా చూశాడు. అప్పుడు, "వెయ్యి మందిలో ఒక్కడికి సీటొస్తుంది" అన్నాను. వెంటనే ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. వెయ్యిలో ఒకడన్నది నేను అప్పటికప్పుడు పుట్టించిన లెక్క.

అసలు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. ఫీజు లేకపోయినా, ఏడాది పాటు అక్కడ బతకడానికి సరిపడే సొమ్ము ఉందని వీసా వేళకు చూపించాలి. ఇంటర్ పాసైనంత మాత్రాన నేరుగా అక్కడి డిగ్రీలో చేర్చుకోరు. ఇక్కడ కొంత చదివి ఉండాలి, లేదా అక్కడ ఒక ఏడాది సన్నాహక చదువు చదివి పరీక్ష రాయాలి. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు ఆ రోజుల్లో తక్కువ, అవీ ఎక్కువగా ఎమ్మెస్సీలు. కోర్సు ఇంగ్లిష్‌లో చెప్పినా రొట్టె కొనాలంటే జర్మన్ కావాలి. వీటన్నిటికీ కనీసం ఏడాదిన్నర ముందు మొదలుపెట్టాలి. ఇదంతా చెబితే సగం మంది లేచిపోతారని చెప్పేవాణ్ని కాదు. లేచిపోవాల్సిన సగం లేచిపోతే మిగిలినవాళ్లకు మన సమయం దక్కుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ మధిర అబ్బాయి దరఖాస్తును గడువు చివరి రోజున నేనే స్వయంగా వెళ్లి పోస్టు చేశాను. సాయంత్రం అయిదు లోపల ముద్ర వేయించుకున్నానని మీసం కూడా దువ్వుకున్నాను. గడువు మనం పోస్టు చేసే తేదీ కాదు, కాగితం అక్కడికి చేరే తేదీ. అబ్బాయికి ఆర్నెల్లు పోయాయి. పత్తి వ్యాపారికి మాత్రం జర్మనీ మీద గౌరవం ఇంకా పెరిగింది.

నాగమణి రెండేళ్లు

నాగమణి ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయపల్లె నుంచి వచ్చింది. బోటనీతో బీఎస్సీ చేసింది. మిగతావాళ్లు వచ్చి, "ఏ దేశమైతే జల్దీ అయితది సార్?" అని అడిగేవారు. ఈ పిల్ల బల్ల మీద ఒక పేపరు ముక్క పెట్టింది.

"అడవుల మీద ఎమ్మెస్సీ ఉందట సార్, జర్మనీల. ఇంగ్లిష్‌ల చెప్తరట. స్కాలర్‌షిప్ గూడ ఇస్తరట. నాకొస్తదా?"

చదివాను. స్కాలర్‌షిప్‌కు ఒక షరతుంది. డిగ్రీ తర్వాత కనీసం రెండేళ్లు సంబంధిత రంగంలో పనిచేసి ఉండాలి.

"డిగ్రీ అయ్యాక ఏం చేశావమ్మా?"

"ఎండకాలం ఆకు కల్లంల కట్టలు లెక్కబెట్టి రాసిన. వానకాలం ఊరి వన సంరక్షణ సమితి నర్సరీల మొక్కలు చూసుకున్న. రెండేండ్లు గదే పని సార్."

ఆకు అంటే తునికాకు, బీడీలు చుట్టేది. వేసవిలో పల్లె పల్లెంతా అడవిలోకి వెళ్లి కోసుకొస్తుంది. యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లంలో ఎండబెడతారు. ఆ కల్లంలో లెక్క రాసే పని ఈ పిల్లది. నాకు మనసులో నవ్వొచ్చింది. జర్మనీ ప్రొఫెసరు ముందు బీడీ ఆకు పెడతామా? రెండేళ్లు దండగయ్యాయి పాపం, మనమే ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నాను.

చేశాను. నా తోడల్లుడికి ఊళ్లో రక్తపరీక్షల ల్యాబు ఉంది. అతని లెటర్‌హెడ్ మీద ల్యాబొరేటరీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రక్తం సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితం మీద నాగమణి రెండేళ్లుగా ఆకుల మీద పరిశోధనకు సహాయకురాలిగా పనిచేస్తోందని టైపు చేశాను. దరఖాస్తు లేఖలో ఆమెకు నాలుగో ఏట నుంచే విజ్ఞాన శాస్త్రం మీద తపన ఉందని రాశాను. నేను దరఖాస్తు రాసిపెట్టిన పిల్లలందరికీ నాలుగో ఏటే తపన మొదలయ్యేది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా."

"చదవద్దా సార్?"

"నేను చదివాను కదా."

పెట్టింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి అడిగింది. "సార్, ఆశ్రమ పాఠశాలల కాంట్రాక్టు టీచరు పోస్టుకు పిలిచిండ్రు. చేరమంటరా?"

ల్యాబులో పనిచేస్తున్నట్టు రాసిన పిల్ల బడిలో కనిపిస్తే ఎలా అని నా భయం. "ఇప్పుడు పని మారిస్తే దరఖాస్తు చెడుతుంది. చేరకు. ఇది వచ్చినట్టే" అన్నాను.

ఆ మాట మీద ఆ పిల్ల ఉద్యోగం వద్దనుకుంది. నా వృత్తి జీవితం మొత్తంలో నేను చేసిన తప్పులన్నీ ఒక పక్కా ఇది ఒక పక్కా పెట్టినా ఇదే బరువు.

క్లర్కు ఎవరు?

డిసెంబరులో జవాబు వచ్చింది. రాసింది ఒక ప్రొఫెసరమ్మ. ఆకుల మీద పరిశోధన తమకు చాలా ఆసక్తిగా ఉందట, ల్యాబులో ఏయే పద్ధతులు వాడారో రెండు పేజీలు రాసి పంపమంది. ల్యాబు పెద్దతో కూడా మాట్లాడతామంది.

తోడల్లుణ్ని పిలిపించాను. "ఆకును ఎట్లా పరీక్ష చేస్తారో ఒక రెండు పేజీలు చెప్పు" అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించి, "షుగర్ చూడమంటవా అన్నా?" అన్నాడు.

మెట్ల దగ్గర సేటు నవ్వు వినిపించింది. పైకి వచ్చాడు. సంగతంతా చెప్పించుకున్నాక నవ్వు ఆగిపోయింది.

"ఆ పిల్లకు తెల్సా ఇది?"

"తెలియదు."

"పిలిపియ్యి."

ములకలపల్లిలో ఫోను బూత్ అతనికి చెబితే, ఊరెళ్లే బస్సు కండక్టరుతో కబురు పంపాడు. మూడో రోజు వచ్చింది. తన దరఖాస్తును మొదటిసారి చదివింది. నెమ్మదిగా, వేలు పెట్టి చదివింది.

"ల్యాబా? ఏ ల్యాబు సార్?"

"అదేనమ్మా, కొంచెం... వాళ్లకు అర్థమయ్యే భాషలో..."

"నేను కల్లంల పనిచేసిన గదా."

"అది రాస్తే వాళ్లేమనుకుంటారో అని."

"ఏమనుకుంటరు?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నా రెండేండ్లు ఏడ పెట్టిండ్రు సార్? ఒక్క అక్షరం గూడ లేదు ఇండ్ల. ఉద్యోగం గూడ వద్దన్న మీ మాట మీద."

సేటు నా వైపు తిరిగాడు. "రాయి. ఆ ప్రొఫెసరమ్మకు జరిగింది జరిగినట్టు రాయి. ఆ అమ్మాయి సదివి నాకు తెలుగుల చెప్తది."

రాశాను. నాగమణి చదివి చెప్పింది. "క్లర్కు పొరపాటు వల్ల తప్పు కాగితం జత అయిందట."

"క్లర్కు ఎవరు?" అన్నాడు సేటు. "మన దగ్గర క్లర్కు యాడున్నడు మాస్టర్ సాబ్? పోయిన నెల పంకా తుడిచింది గూడ నువ్వే."

చించి మళ్లీ రాశాను. ఈసారి ఆమె చదువుతూ మధ్యలో ఆగింది. "కంప్యూటర్‌ల ఏదో కలిసిపోయిందట సేటూ."

"కంప్యూటర్ మనకు వచ్చి ఎన్ని దినాలయింది?"

"రాలేదు" అన్నాను.

మూడోసారి నాలుగు వాక్యాలే మిగిలాయి. ఆ సర్టిఫికెట్ అబద్ధం. తయారు చేసింది నేను. ఆమెకు తెలియదు. ఆమె రెండేళ్లు తునికాకు కల్లంలోనూ, అటవీ నర్సరీలోనూ పనిచేసింది. టైపు మాస్టరుగా లక్ష పేజీలు కొట్టి ఉంటాను. సరే, ఇరవై వేలు అనుకోండి. ఆ నాలుగు వాక్యాలకు పట్టినంత సేపు మరి దేనికీ పట్టలేదు.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. ఈ ఏటికి దరఖాస్తు తోసేశాం. ఆమె చేసిన పనికి సొంత ఆధారాలతో వచ్చే ఏడు మళ్లీ రాసుకోవచ్చు. మీ ఆఫీసు రాసిన కాగితం ఏదీ ఇకమీదట తీసుకోం. ఇంత స్పష్టమైన ఇంగ్లిష్ నేను అంతకుముందు చదవలేదు.

కొమ్మ కింద కొట్టాలి

ఆ ఉత్తరం పోస్టులో పంపవచ్చు. సేటు ఒప్పుకోలేదు. "పోయి చేతికియ్యి" అన్నాడు. ముందుగా కబురు చేసి బయల్దేరాను. ములకలపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, తర్వాత కాలినడక. దారిలో పులి ఎదురైందని నా మనవడికి చెప్పాను. కుక్క ఎదురైంది, అది కూడా నన్ను లెక్కచేయలేదు.

నాగమణి తల్లి వాకిట్లో కొడవలి నూరుతోంది. కూతుర్ని కోయలో ఏదో అడిగి, నా వైపు తిరిగి తెలుగులోకి మారింది. "గీయనేనా జర్మనీ సారు?"

"అవ్ అమ్మా" అంది నాగమణి.

"మంచిగున్నవ్ సారూ. నా బిడ్డ ఉద్యోగం పాయె, జర్మనీ పాయె. గిప్పుడు ఏం తెచ్చినవ్?"

ఉత్తరం అందించి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె చేత్తో ఆపేసింది. "మాటలు ఖమ్మంల చెప్పుకోండ్రి. గీడ పనుంది. రండ్రి."

మార్చి నెల. తునిక పొదల కొమ్మలు కొట్టే రోజులవి. ఇప్పుడు కొడితేనే వేసవికి లేత చిగురు వస్తుంది. నా చేతికి కొడవలి ఇచ్చింది. రెండు పొదలు కొట్టాను. తల్లి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"సారూ, కొమ్మ కింద కొట్టాలె, నేలకానుకొని. గంత మీద కొడ్తే ఆకు మొరటుగొస్తది, బీడీకి పనికిరాదు. మీ సార్లంత మీదమీదనే కొడ్తరా?"

నాగమణి నవ్వింది. డిసెంబరు తర్వాత ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం అంబలి తాగుతుంటే తల్లే చెప్పింది. ఊళ్లో కొందరు కొమ్మ కొట్టే ఓపిక లేక నేలకు నిప్పు పెడతారట. నిప్పు తర్వాత కూడా చిగురు వస్తుంది. నాగమణి రెండేళ్లుగా ఆడవాళ్ల వెంటపడి తగలబెట్టడం మాన్పిస్తోందట. "కొట్టిన కాడ ఎన్ని కట్టలు, కాల్చిన కాడ ఎన్ని కట్టలు, రోజు రాస్కుంటది పిచ్చిది" అంది.

"ఎక్కడ రాస్తావు?" అన్నాను.

లోపలి నుంచి నోటు పుస్తకం తెచ్చింది. ఏ వాలులో ఏ వారం కొమ్మ కొట్టారో, ఏ వాలు కాలిందో, ఒక్కొక్కచోట ఎన్ని కట్టలు దిగాయో, ఆకు ఎంత వెడల్పు వచ్చిందో, కాల్చినచోట మరుసటి ఏడు వెదురు మొలకలు ఎన్ని మిగిలాయో, అన్నీ పెన్సిలుతో గీతలు గీసి రాసి ఉన్నాయి. రెండు వేసవులవి. నేను కాగితం మీద పుట్టించిన పరిశోధనకు అసలుది ఇక్కడ కల్లంలో జరుగుతోంది. నేను దాన్ని తీసేసి రక్తం సీసాల మధ్య పెట్టాను.

"ఇది నాకియ్యి నాగమణీ. చక్కగా టైపు చేసి, అక్కడక్కడ కొంచెం మెరుగు పెట్టి..."

ఆమె పుస్తకం మూసేసింది. "వద్దు సార్. మీరు తారీఖులు చెప్పుండ్రి చాలు. ఏ కాగితం ఎప్పటిలోపల కావాలె, ఎవరి సంతకం కావాలె. రాసుడు నేను రాసుకుంట."

కుర్రవాళ్లారా, మన ఉద్యోగం అదే. తారీఖులు చెప్పడం. కాగితం చేరే రోజు, సర్టిఫికెట్ల నకళ్లకు ముద్ర వేయించే రోజు, పాస్‌పోర్టుకు పెట్టుకునే రోజు. వాళ్ల బతుకు వాళ్లు రాసుకుంటారు. నాకిది తెలియడానికి అరచేతిలో పొక్కులు రావాల్సి వచ్చింది. పొక్కులు అంటే... ఒక పొక్కు.

నాలుగు ప్రశ్నలు

ఆమె ఇంకో వేసవి కల్లంలో పనిచేసింది. నేను తారీఖుల పట్టిక ఇచ్చాను. దరఖాస్తు అతికించిన కవరులో వచ్చింది, గడువుకు నెల ముందు. లోపల ఏం రాసిందో నేను చూడలేదు. దీపానికి అడ్డంపెట్టి చూశాను, కవరు మందం. స్టాంపులు మాత్రం తిన్నగా అంటించాను.

ఆ ఏడు చివర్లో ప్రొఫెసరమ్మ ఫోన్లో మాట్లాడతానంది. పల్లెలో ఫోను లేదు. మా ఆఫీసు నంబరు ఇవ్వాల్సి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి రావాల్సిన ఫోను కోసం నాగమణి పొద్దున పదింటికే వచ్చింది. సేటు కొట్టు రేడియో కట్టేశాడు. నేను పెన్నూ కాగితం సర్దుకుని ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను. ఎక్కడైనా ఆగితే మాట అందిద్దామని.

"సార్, మీరు బయట కూసోండ్రి" అంది.

"మధ్యలో ఏదైనా తెలియకపోతే?"

"తెల్వదని చెప్త."

మెట్ల మీద కూర్చున్నాను. పది నిమిషాలకు సేటు కూడా వచ్చి కింది మెట్టు మీద కూలబడ్డాడు. లోపల మాటలు అస్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆమె ఇంగ్లిష్ నెమ్మదిగా నడుస్తోంది, ఒక్కో మాట వెతుక్కుంటూ. కొంచెంసేపటికి స్పష్టంగా వినపడింది, తనకు తెలియదని. నేను మెట్టు పట్టుకున్నాను. మళ్లీ ఒకసారి తెలియదంది. ఇంకోసారి. ఇంకోసారి.

"ఏమంటుంది?" అన్నాడు సేటు.

"పోయింది సేటూ. నాలుగుసార్లు తెలియదంది. నా జన్మలో ఎవరి చేతా ఒక్కసారి అనిపించలేదు."

అరగంటకు తలుపు తీసింది. చెమట తుడుచుకుంటోంది.

"ఏమడిగింది?"

"కాల్చిన నేలల తునిక వేరు బతికే ఉంటది గదా, మరి రెండో ఏడు ఆకు ఎందుకు పలచనయింది అనడిగింది. తెల్వదన్న. అసుంటియే ఇంకో మూడడిగింది. వాటికీ తెల్వదన్న."

"అంతేనా? ఏదో ఒకటి చెప్పకపోయావా?"

"ఏం చెప్పాలె సార్? నేను చూడలే. చూసినకాడికే చెప్పిన."

"ఆమె ఏమంది?"

"రాసుకుంటున్న చప్పుడొచ్చింది."

నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను గానీ, రుచి తెలియలేదు.

ఆరు వారాలకు కవరు వచ్చింది. సీటూ, స్కాలర్‌షిప్పూ రెండూ ఇచ్చారు. నాగమణి కొట్లోనే నిలబడి చదివింది. రెండో పేజీకి వచ్చాక గట్టిగా నవ్వి సేటుకు తెలుగులో చెప్పింది. "తెల్వదన్న నాలుగింట్ల మొదటిదాని మీదనే నన్ను పనిచేయమంటున్నది సేటూ. వాళ్లకు గూడ తెల్వదట."

ఇప్పుడు నన్ను ఎక్కడికి పిలిచినా ఈ కథే చెబుతాను. ఇంటర్వ్యూ ముందు ఆ పిల్లకు నేనే ధైర్యం చెప్పి, తెలియనిది తెలియదని చెప్పు తల్లీ అన్నానని చెబుతాను. చప్పట్లు కొడతారు. నేను మెట్ల మీద ఉన్నాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.